హరీరీ గ్రంథం, హరీజీ అనువాదం: ఒక యూదు కవి జీవితం, కృషి

అరబ్బీ లిపిలో ‘హరీరీ’ అని రాసి, అందులోని రెండవ ‘రే’ అక్షరం మీద ఒక్క చుక్క పెడితే అది ‘హరీజీ’ అవుతుంది. ఈ రెండు పేర్లూ ఇద్దరు వేర్వేరు వ్యక్తులవి. హరీరీ బస్రా వాసి, ముస్లిం సాహిత్యవేత్త. హరీజీ అందలూసియా దేశపు యూదు కవి. మొదటివారి గ్రంథాన్ని రెండవవారు హీబ్రూ భాషలోకి తెచ్చారు. ఇద్దరి మధ్య సుమారు ఒక శతాబ్దం కాలం, వేల మైళ్ళ దూరం, రెండు మతాలు, రెండు భాషలు ఉన్నాయి.

అల్-హరీరీ పేరు మదరసాలో చదివినవారికి కొత్త కాదు. దర్సె నిజామీ పాఠ్యక్రమంలో అరబ్బీ సాహిత్యం అనగానే ఆయన రచించిన ‘మఖామాత్’ గుర్తుకు వస్తుంది. నేను కూడా ఆ గ్రంథాన్ని చాప మీద కూర్చుని ఉస్తాదు ఎదుట చదివినవాడినే. ఒక్కో పుట దాటడానికి ఒక్కోసారి రెండు రోజులు పట్టేది. మా హజ్రత్ వాక్యం చదివేవారు. ప్రతి మాటకూ ధాతువు చెప్పేవారు. ఉర్దూలో అర్థం చెప్పేవారు. చివరకు నవ్వి, “అర్థం చెప్పాను, తర్జుమా మాత్రం అడగకండి” అనేవారు. ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. కొన్నేళ్ళ తరువాత విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఒక సాహిత్య చరిత్ర తిరగేస్తుండగా ‘మఖామాత్ అనువాదకుడు అల్-హరీజీ’ అన్న మాటలు కనిపించాయి. అచ్చుతప్పు అనుకున్నాను. తప్పు కాదని తెలిసిన నాటినుంచి ఈ యూదు కవి మీద నాకు ఆసక్తి కలిగింది. మా హజ్రత్ అసాధ్యమన్న పనిని ఆయన 800 ఏళ్ళ క్రితమే తలపెట్టాడు. ఎలా చేశాడు? ఎందుకు చేశాడు? చేసి ఏమి పొందాడు? అనువాదాన్ని వృత్తిగా పెట్టుకున్న ఎవరికైనా ఈ ప్రశ్నలు వినోదానికి వేసుకునేవి కావు.

హీబ్రూ కవిత్వానికి అరబ్బీ ఛందస్సు

అల్-హరీజీని అర్థం చేసుకోవాలంటే ఆయనకు ముందు రెండు శతాబ్దాల చరిత్రను క్లుప్తంగా చూడాలి. అందలూసియాలో యూదులు ఇంటా బయటా అరబ్బీ మాట్లాడేవారు. వైద్యం, తర్కం, వ్యాకరణం, చివరకు తమ మతసిద్ధాంత గ్రంథాలను కూడా చాలావరకు అరబ్బీలోనే రాసుకునేవారు. అయితే తరచుగా హీబ్రూ లిపిని వాడేవారు. కవిత్వానికి మాత్రం హీబ్రూను అట్టిపెట్టుకున్నారు. అందులో కూడా పద్ధతి అరబ్బుల నుంచి వచ్చిందే. హిజ్రీ 4వ శతాబ్దంలో, అంటే క్రీస్తు శకం 10వ శతాబ్దంలో, ఖలీఫా అబ్దుర్రహమాన్ III కాలపు ఖుర్తుబాలో దూనాష్ బిన్ లబ్రాత్ అనే కవి అరబ్బీ ఛందస్సును హీబ్రూకు అమర్చాడు. మొదట్లో దీనిని పవిత్రభాషకు అపచారమని ఆక్షేపించినవారు ఉన్నారు. కాని ఒక తరం గడిచేసరికి ఆ ఛందస్సు లేని హీబ్రూ కవిత్వం కవిత్వమే కాదనే స్థితి వచ్చింది.

ఆ దారిలో నడిచినవారు సామాన్యులు కారు. గ్రనాడా రాజ్యానికి వజీరుగా పనిచేసిన షమూయేల్ హన్నగీద్ (993-1056), తత్త్వవేత్త సులైమాన్ బిన్ గబీరోల్, మూసా బిన్ ఎజ్రా, యహూదా హలేవీ (మరణం 1141) ఈ కోవలోనివారు. వీరిలో మూసా బిన్ ఎజ్రా హీబ్రూ కవిత్వ లక్షణాలను వివరిస్తూ ‘కితాబుల్ ముహాదరా వల్ ముజాకరా’ అనే గ్రంథం రాశాడు. హీబ్రూ కవులకు పాఠం చెప్పే ఆ గ్రంథం భాష అరబ్బీ. ఆ నాటి స్థితికి ఇంతకంటె మంచి ఉదాహరణ అక్కరలేదు.

అయితే ఆ కాలాన్ని కేవలం సామరస్యయుగంగా చిత్రించడం చరిత్రకు న్యాయం చేయడం కాదు. షమూయేల్ కుమారుడు, ఆయన తరువాత వజీరైన యూసుఫ్ 1066లో గ్రనాడాలో జరిగిన అల్లర్లలో హతుడయ్యాడు. ఆయనతోపాటు అనేకమంది యూదులు ప్రాణాలు కోల్పోయారు. 12వ శతాబ్దం మధ్యలో మువహ్హిదుల పాలన వచ్చాక యూదులు అనేక నగరాలు విడిచిపోవలసి వచ్చింది. ఖుర్తుబాలో పుట్టిన మూసా బిన్ మైమూన్ (మైమోనిడీస్) కుటుంబం అలా తరలిపోయినదే. విద్యలో సహవాసం, రాజకీయంలో అభద్రత రెండూ ఆ నేల మీద పక్కపక్కనే ఉండేవి. చరిత్ర చదివేవారు రెండింటిలో ఏ ఒక్కదానినీ కప్పిపుచ్చరాదు.

తులైతులా నగరంలో జననం

యహూదా బిన్ సులైమాన్ అల్-హరీజీ సుమారు 1165లో తులైతులా (తొలేడో) నగరంలో జన్మించాడు. ఆ నగరం అప్పటికి 80 ఏళ్ళుగా ముస్లింల చేతిలో లేదు. 1085లోనే కాస్టిల్ రాజు ఆల్ఫోన్సో VI వశమైంది. కాని రాజ్యం మారినంత త్వరగా భాష మారదు. తులైతులా వీధుల్లో అరబ్బీ ఇంకా వినిపిస్తూనే ఉంది. క్రెమోనా నుంచి వచ్చిన గెరార్డ్ (మరణం 1187) వంటి లాటిన్ పండితులు ఆ నగరంలోనే కూర్చుని అరబ్బీ శాస్త్రగ్రంథాలను తమ భాషలోకి మార్చుకుంటున్నారు. అనువాదం ఆ ఊరి గాలిలోనే ఉందని చెప్పవచ్చు.

ఆ రోజుల్లో దక్షిణ ఫ్రాన్సులోని ప్రొవాన్స్ ప్రాంతపు యూదులకు అరబ్బీ రాదు. అందలూసియా యూదులు అరబ్బీలో నిర్మించిన విజ్ఞానమంతా వారికి మూసిన తలుపే. ఆ తలుపు తెరవమని వారు అందలూసియా పండితులను కోరేవారు. అల్-హరీజీ వృత్తి ఆ కోరికతో ముడిపడింది. హునైన్ బిన్ ఇస్హాఖ్ పేర ఉన్న ‘ఆదాబుల్ ఫలాసిఫా’ను ఆయన హీబ్రూలోకి తెచ్చాడు. మూసా బిన్ మైమూన్ మిష్నాకు రాసిన వ్యాఖ్యానంలో కొంత భాగాన్ని అనువదించాడు. అనువాదకునికి మూడు విషయాలు తెలిసి ఉండాలని ఆయన నియమం పెట్టుకున్నాడు: ఏ భాష నుంచి తెస్తున్నాడో దాని మర్మం, ఏ భాషలోకి తెస్తున్నాడో దాని మర్మం, గ్రంథవిషయం యొక్క మర్మం. అరబ్బీ సాహిత్యం చదివినవారికి ఈ మాట పరిచితమే. అల్-జాహిజ్ (మరణం హిజ్రీ 255) తన ‘కితాబుల్ హయవాన్’లో ఇదే భావం వ్యక్తం చేశాడు. అంతేకాదు, కవిత్వాన్ని అనువదిస్తే దాని ఛందస్సు తెగిపోతుంది, అందం రాలిపోతుంది, అందువల్ల అది అనువాదానికి లొంగదని కూడా జాహిజ్ తేల్చాడు. మా హజ్రత్ మాటకు మూలం అక్కడే ఉంది.

మఖామాత్ అనువాదం

మఖామా అంటే నిలిచే చోటు, సభ అని అర్థం. సాహిత్యంలో అది ఒక ప్రత్యేక ప్రక్రియ. అంత్యప్రాసలతో నడిచే గద్యం, మధ్యమధ్య పద్యాలు. మన చంపూ కావ్యంతో పోల్చుకుంటే దాని స్వరూపం కొంతవరకు బోధపడుతుంది. దీనికి ఆద్యుడు బదీఉజ్జమాన్ అల్-హమదానీ (మరణం హిజ్రీ 398, క్రీ.శ. 1008). దానిని పరాకాష్ఠకు చేర్చినవాడు అబూ ముహమ్మద్ అల్-ఖాసిమ్ అల్-హరీరీ (హిజ్రీ 446-516, క్రీ.శ. 1054-1122). ఆయన గ్రంథంలో 50 మఖామాలు ఉన్నాయి. కథ చెప్పేవాడు హారిస్ బిన్ హమ్మామ్. కథానాయకుడు అబూ జైద్ అస్సరూజీ అనే వృద్ధుడు. అబూ జైద్ ప్రతి ఊళ్ళోనూ కొత్త వేషంలో కనిపిస్తాడు: ఒకచోట ఉపదేశకుడు, ఒకచోట భిక్షకుడు, మరొకచోట న్యాయస్థానంలో వాది. తన వాగ్ధాటితో జనాన్ని కరిగించి డబ్బు వసూలు చేసుకుంటాడు. చివర హారిస్ అతన్ని గుర్తుపడతాడు, మందలిస్తాడు, విడిపోతారు. కథ ఇంతే. గ్రంథం గొప్పదనం కథలో కాదు, మాటలో ఉంది.

హరీరీ మాటలతో చేయని విన్యాసం లేదు. ఆరవ మఖామాలో ఒక లేఖ ఉంది: అందులో ఒక పదంలోని అక్షరాలన్నిటికీ చుక్కలు ఉంటే, పక్క పదంలో ఒక్క అక్షరానికీ ఉండదు. పదహారవ దానిలో ఎటునుంచి చదివినా ఒకటిగానే ఉండే వాక్యాలు ఉన్నాయి. ఇరవై ఎనిమిదవ దానిలో చుక్క ఉన్న అక్షరం ఒక్కటీ లేకుండా ఒక ఖుత్బా మొత్తం నడుస్తుంది. మన నిరోష్ఠ్య కావ్యాలు, అనులోమ విలోమ పద్యాలు తెలిసిన పాఠకులు దీనిని వెంటనే గ్రహించగలరు. రచయిత జీవించి ఉండగానే 700 ప్రతులను ఆయన సమక్షంలో చదివి సరిచూశారని యాఖూత్ అల్-హమవీ రాశాడు. గ్రంథం త్వరలోనే అందలూసియా చేరింది. అక్కడి షరీష్ (హెరెజ్) పట్టణానికి చెందిన అష్-షరీషీ (మరణం హిజ్రీ 619) దానికి రాసిన వ్యాఖ్యానం నేటికీ ప్రామాణికం. ఈ వ్యాఖ్యాత, మన అనువాదకుడు సమకాలికులు.

అందలూసియాలోని యూదు ప్రముఖులు ఈ గ్రంథాన్ని హీబ్రూలో చూడాలని ముచ్చటపడి అల్-హరీజీని కోరారు. ఆయన చేసిన అనువాదం పేరు ‘మహ్బెరోత్ ఈతీయేల్’. హారిస్ బిన్ హమ్మామ్ ఈ అనువాదంలో ఈతీయేల్ అయ్యాడు. అబూ జైద్ అస్సరూజీ హేవెర్ హక్కేనీ అయ్యాడు. రెండూ బైబిలులోని పేర్లే. ఊళ్ళ పేర్లు కూడా బైబిలు నుంచి వచ్చాయి. ఇస్లామీయ ఆచారాలున్న చోట యూదుల ఆచారాలు ప్రవేశించాయి. హరీరీ తన వాక్యాలలో ఖుర్ఆన్ పదబంధాలను పొదుగుతాడు. అరబ్బీ అలంకార శాస్త్రంలో దీనిని ‘ఇఖ్తిబాస్’ అంటారు. అలాంటి ప్రతిచోటా హరీజీ తౌరాత్, జబూర్ మొదలైన తన గ్రంథాల పదబంధాలను పొదిగాడు. చదివే యూదునికి తన చిన్ననాడు కంఠస్థం చేసిన మాటలు అనుకోని చోట తగిలి, అరబ్బు పాఠకునికి కలిగే ఆనందమే కలగాలని ఆయన ఉద్దేశం.

ఇక చుక్కల ఆట మాటేమిటి? హీబ్రూ లిపిలో అక్షరానికీ అక్షరానికీ తేడా చూపే చుక్కలు దాదాపు లేవు. కాబట్టి మూలంలోని కట్టుబాటును యథాతథంగా తేవడం అసాధ్యం. అలాంటి చోట ఆయన తన భాష అనుమతించే మరొక కట్టుబాటును వెదుక్కోవలసిందే. మాటకు మాట పెట్టడం కాదు, కష్టానికి సమానమైన కష్టాన్ని పెట్టడం. ఇది ఎంత పెద్ద ఊహో అనువాదం చేసినవారికే తెలుస్తుంది.

ఈ అనువాదం పూర్తిగా మనదాకా రాలేదు. 50 మఖామాలలో సుమారు సగం మాత్రమే, ఒకే ఒక వ్రాతప్రతిలో మిగిలింది. దానిని 1872లో ప్రచురించిన థామస్ చెనెరీ అనే ఆంగ్లేయ పండితుడు అంతకు ముందే, 1867లో, హరీరీ మఖామాలలో మొదటి 26 ఇంగ్లీషులోకి అనువదించినవాడు. తరువాత లండన్ ‘టైమ్స్’ పత్రికకు సంపాదకుడయ్యాడు. హరీరీని చదివినవాడే హరీజీని కాపాడాడన్నమాట.

ఇద్దరు అనువాదకుల వివాదం

మూసా బిన్ మైమూన్ తన తాత్త్విక గ్రంథం ‘దలాలతుల్ హాయిరీన్’ను సుమారు 1190లో కైరోలో అరబ్బీ భాషలో ముగించాడు. ప్రొవాన్స్ యూదుల కోసం దానిని షమూయేల్ బిన్ తిబ్బోన్ 1204లో హీబ్రూలోకి అనువదించాడు. ఆయన మూలకర్తతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపి, సందేహాలు తీర్చుకుని చేసిన పని అది. మాట వెంట మాట పెట్టుకుంటూ పోతే అనువాదం గందరగోళమవుతుందనీ, ముందు భావం గ్రహించి తరువాత దానిని తన భాషలో చెప్పాలనీ మూసా బిన్ మైమూన్ 1199లో ఆయనకు రాసిన లేఖలో సలహా ఇచ్చాడు. అయినా తిబ్బోన్ అనువాదం అరబ్బీ వాక్యనిర్మాణాన్ని విడువలేదు. చదవడానికి కష్టంగా ఉందని కొందరు ప్రముఖులు అల్-హరీజీని మరొక అనువాదం చేయమన్నారు. ఆయన స్వచ్ఛమైన, బైబిలు ఛాయగల హీబ్రూలో చేశాడు. ముందు కఠిన పదాల పట్టిక, అధ్యాయాల సారాంశం కూడా చేర్చాడు.

తిబ్బోన్ దీనిని సహించలేదు. కవికి తత్త్వశాస్త్రం ఏమి తెలుసునని ఎద్దేవా చేశాడు. గ్రంథకర్త కుమారుడు ఇబ్రాహీం కూడా హరీజీ అనువాదంలో లోపాలున్నాయని భావించాడు. నిష్పక్షపాతంగా చూస్తే వారి విమర్శలో నిజం ఉంది. శాస్త్రగ్రంథంలో ఒక పారిభాషిక పదానికి అంతటా ఒకే మాట ఉండాలి. హరీజీకి మాట అందం మీద ఉన్న శ్రద్ధ ఈ నియమం మీద లేదు. యూదు విద్యాలయాలు తిబ్బోన్‌నే స్వీకరించాయి.

కాని చరిత్ర మరొక వైపు నుంచి హరీజీకి న్యాయం చేసింది. 13వ శతాబ్దంలో ఆ గ్రంథం లాటిన్‌లోకి వెళ్ళినప్పుడు ఆధారమైనది హరీజీ అనువాదమే. ఆల్బెర్టస్ మాగ్నుస్, థామస్ అక్వినాస్ వంటి క్రైస్తవ వేదాంతులు మూసా బిన్ మైమూన్‌ను ఆ లాటిన్ ప్రతిలోనే చదివారు. ఆ లాటిన్ గ్రంథం 1520లో పారిస్‌లో అచ్చయింది. కైరోలో ఒక యూదుడు అరబ్బీలో రాసినది, ఒక కవి హీబ్రూ గుండా ప్రయాణించి, పారిస్ చేరింది. అనువాదం సులభంగా చదవగలిగేలా ఉండటం కూడా ఒక గుణమేనని ఈ ప్రయాణం చెబుతుంది.

అబ్బాసీల కాలపు అనువాదకుల గురించి సలాహుద్దీన్ అస్సఫదీ (మరణం 1363) రెండు మార్గాలు పేర్కొన్నాడు. ఒకటి మాటకు మాట పెట్టే యుహన్నా బిన్ అల్-బిత్రీఖ్ మార్గం. రెండవది వాక్యభావాన్ని మొత్తంగా గ్రహించి చెప్పే హునైన్ మార్గం. రెండవదే మేలని ఆయన తీర్పు. తిబ్బోన్, హరీజీల వివాదం ఈ పాత చర్చకే మరో భాషలో కొనసాగింపు.

తూర్పు దేశాల ప్రయాణం, తహ్కెమోనీ

సుమారు 1216 ప్రాంతంలో అల్-హరీజీ స్వదేశం విడిచి తూర్పుకు బయలుదేరాడు. అలెగ్జాండ్రియా, కైరో, బైతుల్ మఖ్దిస్, డెమాస్కస్, మోసుల్, బాగ్దాదు, అలెప్పో నగరాలు చూశాడు. ఈ ప్రయాణంలోనే ఆయన ప్రధాన రచన ‘తహ్కెమోనీ’ రూపొందింది. ఇది 50 ప్రకరణాల స్వతంత్ర మఖామా గ్రంథం. కథ చెప్పేవాడు హేమాన్. నాయకుడు మళ్ళీ హేవెర్ హక్కేనీయే.

పరాయివారి గ్రంథాన్ని అలంకరిస్తూ కూర్చుని తన సొంత తోటను పాడుపెట్టుకున్నానని ఆయన పీఠికలో పశ్చాత్తాపపడ్డాడు. తన జాతివారు హీబ్రూను వదిలి అరబ్బీ వెంట పడుతున్నారన్న బాధ ఆ పీఠిక నిండా ఉంది. ఆ బాధలో ఆయన ఒక కటువైన ఉపమానం వాడాడు: హీబ్రూను హజ్రత్ సారాతో, అరబ్బీని హజ్రత్ హాజిరాతో పోల్చి, యజమానురాలు వీధిన పడితే దాసి ఇంట్లో చేరిందన్నాడు. హాజిరా మాతను సయీలో ప్రతి హాజీ తలచుకుంటాడు. కాబట్టి ముస్లిం పాఠకునికి ఈ పోలిక నచ్చదు. కాని దానిని దాచిపెట్టడం అనువాదకుని ధర్మం కాదు. పైగా ఆ మాటల వెనుక ద్వేషం కంటె భయమే ఎక్కువ కనిపిస్తుంది. ఒక గొప్ప భాష నీడన పెరిగిన చిన్న భాషవాని భయం అది.

ఆ భయమే ఆయనచేత మరొక మాట అనిపించింది. హరీరీ గ్రంథంలోని భావాలన్నీ హీబ్రూ నుంచి అపహరించినవేనని వాదించాడు. తహ్కెమోనీలో తాను హరీరీ నుంచి ఏమీ తీసుకోలేదని కూడా చెప్పుకున్నాడు. రెండవ మాట అక్షరాలా నిజం కావచ్చు. కాని ఆయన తీసుకున్నది హమదానీ నుంచి! ఆధునిక పండితులు దీనిని నిరూపించారు. ఒక పల్లెటూరి వానిని పాత పరిచయస్తుడిలా పలకరించి, కబాబు అంగడికి తీసుకెళ్ళి, తిన్న తరువాత వానిచేతనే డబ్బు కట్టించే కథ హమదానీ ‘బగ్దాదియ్యా’లోనిది. భోజనానికి పిలిచి, ఇల్లు, తలుపు, పనివాడు, పళ్ళెం అన్నిటి ఘనతా వర్ణిస్తూ అతిథిని ఆకలితో మాడ్చే వర్తకుని కథ ‘మదీరియ్యా’లోనిది. రెండూ హీబ్రూ వేషంలో తహ్కెమోనీలో ఉన్నాయి. అరబ్బీ విమర్శకులు కావ్యచౌర్యాన్ని ‘సరిఖా’ అని పిలిచి, దానిలో తరతమ భేదాలు చేశారు. తీసుకున్నదానిని మెరుగుపరిచినవాడిని వారు దొంగ అనలేదు. ఆ తూకంలో హరీజీ కూడా దొంగ కాడు. అయితే తీసుకున్నానని ఒప్పుకుని ఉంటే ఆయన గౌరవం ఇంకా పెరిగేది.

తహ్కెమోనీ వినోదం మాత్రమే కాదు. అందులో హీబ్రూ కవుల చరిత్ర ఉంది. ఒక్కొక్కరి గుణదోషాల మీద తీర్పులు ఉన్నాయి. ముందు నుంచి చదివితే పొగడ్త, వెనుక నుంచి చదివితే తెగడ్త అయ్యే లేఖ ఉంది. హీబ్రూ, అరబ్బీ, అరామిక్ మూడు భాషలు కలిపిన పద్యం ఉంది. మోసుల్ యూద దేవాలయంలో తప్పులతడకగా ప్రార్థన నడిపే గాయకుని మీద హాస్యం ఉంది. బైతుల్ మఖ్దిస్ ప్రకరణంలో, 1187లో ఆ నగరాన్ని జయించిన సుల్తాన్ సలాహుద్దీన్ యూదులను తిరిగి వచ్చి అక్కడ నివసించమని 1190లో ఆహ్వానించినట్లు కవి రాశాడు. క్రూసేడర్ల పాలనలో ఆ నగరంలో కాపురానికి నోచుకోని జాతికి చెందిన ఒక కవి ముస్లిం సుల్తాన్ గురించి ఇచ్చిన సాక్ష్యంగా దీనికి విలువ ఉంది.

మరొక ప్రకరణం ఇంకా ఆలోచింపజేస్తుంది. నగరద్వారం వద్ద ఒక ముస్లిం జ్యోతిష్కుడు జనానికి భవిష్యత్తు చెబుతుంటాడు. హేవెర్, అతని మిత్రులు అతన్ని పరీక్షించాలని మనసులో ఒక ప్రశ్న తలచుకుంటారు: తమ జాతికి విముక్తి ఎప్పుడు? జ్యోతిష్కుడు ఆ ప్రశ్నను పసిగట్టి, వీరు రాజ్యం కూలిపోవాలని కోరుతున్నారని కేక పెడతాడు. జనం మీదపడి వారిని ఖాజీ వద్దకు ఈడ్చుకుపోతారు. ఖాజీ మంచివాడు. గుంపు కోపం చల్లారేవరకు వారిని చెరలో ఉంచినట్లు ఉంచి, తెల్లవారాక విడిచిపెడతాడు. కథ కల్పితమే కావచ్చు. కాని గుంపు ఎలా ఉండేదో, న్యాయమూర్తి ఎలా ఉండగలడో రెండూ ఆ కవికి తెలుసు. ఒకదానిని చెప్పి రెండవదానిని ఆయన విడిచిపెట్టలేదు.

ఒక అరబ్బు చరిత్రకారుని సాక్ష్యం

చాలాకాలం వరకు అల్-హరీజీ గురించి తెలిసినదంతా ఆయన హీబ్రూ రచనల నుంచి ఏరుకున్నదే. ఎక్కడ పుట్టాడో, ఎక్కడ మరణించాడో కూడా ఊహలే. ఆ స్థితిని మార్చినది ఒక ముస్లిం రచయిత గ్రంథం. ఇబ్నుష్ షఆర్ అల్-మౌసిలీ (మరణం హిజ్రీ 654, క్రీ.శ. 1256) తన కాలపు కవుల జీవితాలను ‘ఖలాయిదుల్ జుమాన్’ అనే పెద్ద గ్రంథంలో సంకలనం చేశాడు. అందులో యహ్యా బిన్ సులైమాన్ అల్-హరీజీ అనే యూదు కవి మీద ఒక వ్యాసం ఉంది. దీనిని ఆధారం చేసుకుని 1996లో యోసెఫ్ సదాన్ అనే పండితుడు ఈ కవి జీవితం మీద కొత్త వెలుగు ప్రసరింపజేశాడు.

ఇబ్నుష్ షఆర్ చెప్పినదాని సారాంశం ఇది: అల్-హరీజీ తులైతులా వాసి, పొడగరి, వెండి వంటి జుట్టు, ముఖాన గడ్డం లేదు, మగ్రిబీ యాసలో మాట్లాడేవాడు, తూర్పువారికి ఆ యాస సులభంగా అర్థమయ్యేది కాదు. పొగడ్తలోనూ తెగడ్తలోనూ దిట్ట. అయ్యూబీ పాలకుడు అల్-మలిక్ అల్-అష్రఫ్ మూసాను స్తుతిస్తూ అరబ్బీలో పద్యాలు రాశాడు. హీబ్రూలో అనేక గ్రంథాలు రచించాడు. హిజ్రీ 622లో, అంటే 1225లో, అలెప్పో నగరంలో మరణించాడు.

కైరో యూద దేవాలయపు గదిలో దొరికిన పాత కాగితాల రాశి, గెనీజా, ఈ చిత్రాన్ని మరింత నింపింది. హీబ్రూ లిపిలో అరబ్బీ భాషలో ఆయన రాసిన ప్రయాణగ్రంథం ‘కితాబుద్ దురర్’ తునకలు అందులో లభించాయి. వాటిని కూర్చి 2009లో జెరూసలేంలో ప్రచురించారు.

అరబ్బీ నుంచి తన జాతిని మళ్ళించాలని బాధపడిన కవి, జీవితాంతం అరబ్బీలో కూడా రాస్తూనే ఉన్నాడని ఈ సాక్ష్యాలు చెబుతున్నాయి. దీనిని కపటం అనడం తొందరపాటు. తనకు అన్నం పెట్టిన రెండు భాషలలో ఒకటి బలహీనమై ఉంటే మనిషి దాని పక్షాన కాస్త గట్టిగా మాట్లాడతాడు. రెండవదానిని ప్రేమించడం మానడు.

మనకు దీనివల్ల తెలిసేది

అల్-హరీజీ జీవితం నుంచి తెలుగులో అరబ్బీ గ్రంథాలను అనువదించేవారు గ్రహించవలసిన విషయాలు రెండు మూడు ఉన్నాయి. మొదటిది, అన్ని గ్రంథాలకూ ఒకే పద్ధతి పనికిరాదు. కథాగ్రంథంలో అబూ జైద్ హేవెర్ అయితే నష్టం లేదు, లాభమే. శాస్త్రగ్రంథంలో పారిభాషిక పదం జారితే గ్రంథమే జారిపోతుంది. ఒకే మనిషి ఒక పనిలో గెలిచి మరొక పనిలో తడబడినది ఇందువల్లనే. రెండవది, పరభాష నుంచి తెచ్చుకోవడం తన భాషకు అవమానం కాదు. నన్నయ సంస్కృతం నుంచి తెచ్చుకున్నప్పుడు తెలుగు తగ్గలేదు. దూనాష్ అరబ్బీ ఛందస్సు తెచ్చుకున్నప్పుడు హీబ్రూ తగ్గలేదు. తగ్గుదల ఎక్కడైనా ఉంటే అది ఋణం ఒప్పుకోకపోవడంలో ఉంది.

మూడవది, గ్రంథం ఎవరి మతానిదో చూసి అనువాదకుని అర్హత నిర్ణయించలేము. ముస్లిం రచించిన మఖామాత్‌ను యూదుడు అనువదించాడు; యూదుని అనువాదాన్ని క్రైస్తవులు లాటిన్‌లోకి మార్చుకున్నారు; ఆ యూదుని జీవితాన్ని ముస్లిం చరిత్రకారుడు భద్రపరిచాడు. మన తెలుగులో ఖుర్ఆన్‌ను తొలిసారి అనువదించిన చిలుకూరి నారాయణరావు కూడా ముస్లిం కాడు. ఆ అనువాదంలోని మంచిచెడ్డలు వేరే చర్చ. ఆ శ్రమ మాత్రం మరువరానిది.

మదరసాలో మా హజ్రత్ ‘తర్జుమా అడగకండి’ అన్న మాట తప్పని నేను ఈనాటికీ అనలేను. మఖామాత్‌లో ఒక్క పుట తెలుగు చేయాలని నేను చేసిన ప్రయత్నాలు కాగితాల మీదే ఆగిపోయాయి. అర్థం వస్తుంది, ప్రాస పోతుంది. ప్రాస వస్తే అర్థం పక్కకు తొలగుతుంది. అయినా తులైతులా నుంచి బయలుదేరి అలెప్పో మట్టిలో కలిసిన ఆ పొడగరి కవి పనిని తలచుకున్నప్పుడు, ఆ కాగితాలను చించివేయడానికి చేయి రాదు.